పని చేయించువారికి మాచయ్య పాఠము

పాల్కురికి సోమనాథుని బసవపురాణమున మడివాలు మాచయ్య కథ కలదు. 12వ శతాబ్దమున కళ్యాణనగరమందు బిజ్జలుని భండారియైన బసవేశ్వరునికి ఒకమారు తన దానమునుగూర్చి గర్వము పొడమెను. బట్టలుతుకు కాయకముగల మాచయ్య దానిని ఖండించెను. భండారి కోపగింపలేదు; తప్పొప్పుకొని నమస్కరించెను. పదిమందిచేత పని చేయించు ప్రతివానికిని ఇందొక పాఠమున్నది: పెద్దవాని దోషమును చిన్నవాడు చెప్పగల చోటనే పని చక్కబడును.

శ్రీకాళహస్తి కలంకారీని చూడుడు. నేర్పరి కలముతో బొమ్మ గీయును. బట్టను కరక్కాయ, గేదెపాలలో నానబెట్టుటకు, పటిక పూయుటకు, పారు నీట ఉతుకుటకు ఇతరులు తోడ్పడుదురు. మిగులు పటిక నీటిలో పోనిచో, రంగులో ఉడికించునపుడు ఎరుపు గీత దాటి మరక యగును. ఆ లోపము మొదట కనబడునది ఉతుకువానికే. తిట్లకు వెఱచి అతడు నోరు మెదపనిచో, గీత యెంత చక్కనిదైనను వ్యర్థమే.

కావున పని చెప్పునపుడు దాని ప్రయోజనమును గూడ చెప్పవలెను. తప్పును ఏకాంతమున దిద్ది, మెప్పును నలుగురిలో పలుకవలెను. కూలిని అడిగించుకొనక చెప్పిన దినముననే ఈయవలెను. అందని కూలిముందు తీపిమాట నిలువదు. చనువు ఉండవచ్చును, పక్షపాతము కూడదు. చెడువార్త తెచ్చినవానిపై మండిపడరాదు.

కాయకములలో హెచ్చుతగ్గులు లేవని బసవేశ్వరుని బోధ. మఠములో కూర్చుండి దానికి తలయూపుట సులభము. పనివాడు “అయ్యా, ఇది తప్పు” అనిన నాడు యజమాని యేమి చేయునో, అదియే దానికి పరీక్ష.