పాల బండి నడిపేవారికి లైసెన్సు పరీక్ష: ఒక పాఠం



కొంతకాలం క్రిందట ఒక సంఘం లెక్కలు తనిఖీ చేయడానికి వెళ్ళాను. సాయంత్రం పాల క్యాన్ల బండిని ఒక సభ్యుని కుమారుడు నడుపుకొచ్చాడు. లైసెన్సు ఉన్నదా అని అడిగితే, "రెండు కిలోమీటర్లే గదండీ" అన్నారు అధ్యక్షులవారు. నేనూ ఊరుకున్నాను. నెల తిరగకముందే ఆ బండి మలుపులో ఒక సైకిలు మనిషిని కొట్టింది. అతని కాలు విరిగింది. బండికి ఇన్సూరెన్సు ఉంది గాని నడిపినవానికి లైసెన్సు లేదు. పరిహారం సొమ్మును సంఘం వద్దనే రాబట్టుకుంటామని కంపెనీ నోటీసు పంపింది. బోనసుకు దాచిన డబ్బు అట్లా చిక్కుబడింది. నా నివేదికలో ఒక్క వాక్యం వ్రాసి ఉండవలసింది. వ్రాయలేదు. అందుకే ఈ పాఠం.

మొదటి మెట్టు: ఎల్.ఎల్.ఆర్.

సొంత కారు, గేర్ల మోటారు సైకిలుకు 18 ఏళ్ళు నిండాలి. సరుకు రవాణా బండి నడపడానికి 20 ఏళ్ళు నిండాలి. ఎల్.ఎల్.ఆర్. పరీక్షలో నూటికి 60 వంతుల ప్రశ్నలకు సరిగా జవాబు చెప్పాలి. గుర్తులను ఇట్లా జ్ఞాపకం పెట్టుకోండి: గుండ్రనివి ఆజ్ఞలు, త్రికోణాలు హెచ్చరికలు, నీలి పలకలు సమాచారం. తలక్రిందులుగా ఉన్న త్రికోణం కనిపిస్తే ఎదుటి బండికి దారి ఇవ్వాలి. ప్రమాదం జరిగితే ఏమి చేయాలని కూడా అడుగుతారు. గాయపడినవారిని వైద్యుని వద్దకు చేర్చాలి, 24 గంటల లోపల పోలీసులకు తెలియజేయాలి.

రెండవ మెట్టు: అభ్యాసం

ఎల్.ఎల్.ఆర్. 6 నెలలు చెల్లుతుంది. అది వచ్చిన 30 రోజుల తరువాతనే బండి పరీక్షకు వెళ్ళవచ్చు. ఈ లోపల బండికి ముందు వెనుక తెల్ల పలకపై ఎర్రని 'ఎల్' అక్షరం ఉండాలి. కారు, వ్యాను నేర్చేటప్పుడు లైసెన్సు ఉన్నవారు ప్రక్కన కూర్చోవాలి. క్యాన్లతో నేర్చుకోవద్దు. సగం నిండిన క్యానులో పాలు అటూ ఇటూ ఊగి, బ్రేకు వేసినప్పుడు బండిని ముందుకు నెడతాయి. ఖాళీ బండితో చేయి కుదిరాకనే బరువు ఎత్తాలి.

మూడవ మెట్టు: పరీక్ష రోజు

1. మన బండినే తీసుకువెళ్ళాలి. ఆర్.సి., ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితాలు, దీపాలు, హారను ముందురోజే చూసుకోవాలి.
2. మోటారు సైకిలుకు ఎనిమిది అంకె ఆకారంలో తిప్పించి చూస్తారు. 1994లో నేను మొదటిసారి ఇక్కడే కాలు నేల మీద పెట్టి తప్పాను. చూపు ముందు చక్రం మీద పెట్టడమే నా పొరపాటు. చూపు వెళ్ళవలసిన మలుపు మీద ఉండాలి.
3. కారుకు, వ్యానుకు రివర్సు, ఎత్తు మీద ఆపి కదిలించడం ముఖ్యం. ఎత్తు మీద హ్యాండు బ్రేకు వేసి ఉంచి, క్లచ్ మెల్లగా వదులుతూ బండి ముందుకు లాగుతున్నప్పుడు బ్రేకు తీయాలి. బండి వెనక్కు జారరాదు.
4. కదిలే ముందు అద్దాలు చూడాలి, తిరిగే ముందు సిగ్నలు ఇవ్వాలి. బ్రేకు ఇన్‌స్పెక్టరుగారు వీటిని తప్పక గమనిస్తారు.

తప్పితే దిగులు పడవద్దు. 7 రోజుల తరువాత మళ్ళీ వెళ్ళవచ్చు. మూడుసార్లు తప్పితే మాత్రం 60 రోజులు ఆగాలి. దళారికి డబ్బిచ్చి లైసెన్సు తెచ్చుకుంటే కాగితం వస్తుంది గాని బ్రేకు మీద కాలు నిలవదు.

పాలకవర్గానికి ఒక మాట

మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉండే తేలిక రవాణా బండిని ఎల్.ఎం.వి. లైసెన్సుతోనే నడపవచ్చునని 2024 నవంబరులో సుప్రీం కోర్టు తీర్పు ఇచ్చింది. కనుక వేరే కాగితం కావాలేమోనన్న భయం అక్కరలేదు. డ్రైవరు లైసెన్సు నకలు సంఘం ఫైలులో ఉంచి, గడువు తేదీని మినిట్సు పుస్తకంలో వ్రాయించండి. ఇకమీదట నేను తనిఖీకి వస్తే ముందు అడిగేది అదే.

ప్రశ్నలు (వచ్చే సమావేశంలో చర్చించండి)

1. మన సంఘం పాలు తెచ్చేవారిలో లైసెన్సు లేనివారు ఎందరు?
2. వారు ఎల్.ఎల్.ఆర్. తీసుకునే వరకు బండి ఎవరు నడపాలి?