కార్టిసాల్: వేళ యెరిగి చదువవలసిన కొలత

తాపీనది యొడ్డున నున్న సూరతు నగరమునకు బ్రతుకుదెరువు వెదకికొనుచు పోయిన తెలుగువారు వేలకొలదిగా గలరు. వరంగల్లు, కరీంనగరము, నల్లగొండ ప్రాంతముల పద్మశాలీలు వీరిలో ముఖ్యులు. అచ్చటి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమునను పాఠశాలలు నడుపుచున్నదన్నచో వారి సంఖ్యను ఊహించుకొనవచ్చును. వీరిలో అనేకులకు మరమగ్గమే, తెలంగాణమువారి మాటలో సాంచెయే, జీవనాధారము. పని సాధారణముగా పండ్రెండు గంటలు; కొన్నాళ్లు పగటిపాళి, కొన్నాళ్లు రాత్రిపాళి. లోకము నిద్రించువేళ మేల్కొనియుండు సంయమిని గీత ప్రశంసించినది. ఈ జాగరణము అట్టిది కాదు, కూటికై చేయునది.

ఇట్టి జీవనము దేహముపై మోపు భారమును కొలుచుట యెట్లు? శరీరధర్మ శాస్త్రజ్ఞులు తరచుగా ఆశ్రయించునది కార్టిసాల్ అను హార్మోను. మూత్రపిండములపై టోపీలవలె అమరియున్న అధివృక్క గ్రంథులు దీనిని స్రవించును. మెదడులోని హైపోథాలమస్ పీయూషగ్రంథిని ప్రేరేపించును. పీయూషగ్రంథి రక్తముద్వారా అధివృక్కములకు ఆజ్ఞ పంపును. కార్టిసాల్ తగినంత పెరిగినపుడు అదియే పైనుండి వచ్చు ఆజ్ఞలను ఆపును. భయముగాని, వ్యాధిగాని, శస్త్రచికిత్సగాని ప్రాప్తించినపుడు ఇది పెరిగి, రక్తములో చక్కెరను హెచ్చించి, దేహమును ప్రతిఘటనకు సిద్ధపరచును. నానావిధములైన బాధలకు దేహము ఒకే తీరున స్పందించునని హాన్స్ సెల్యే 1936లో ఎలుకలపై చేసిన ప్రయోగములవలన ప్రకటించెను. ఆ బాధలన్నిటియందును వాని అధివృక్కములు ఉబ్బియుండెను. ఈ గ్రంథుల హార్మోనులను గూర్చిన పరిశోధనకు 1950లో కెండాల్, రైక్‌స్టైన్, హెంచ్‌లకు నోబెల్ బహుమానము లభించినది.

దీనిని విషముగా నెంచి నిందించుట అన్యాయము. అధివృక్కములు చెడిపోయిన రోగులను 1855లో లండనులో థామస్ అడిసన్ వర్ణించెను. చికిత్స లేని ఆ దినములలో వారు నానాటికి నీరసించి మరణించెడివారు. కార్టిసాల్ లేనిదే ప్రాణము నిలువదు.

అసలు చిక్కు కొలతలో నున్నది. ఉదయము ఎనిమిది గంటలకు వంద మిల్లీలీటర్ల రక్తరసములో సుమారు 10 మొదలు 20 మైక్రోగ్రాముల కార్టిసాల్ ఉండుట సహజము. నడిరేయి అది 5 మైక్రోగ్రాములకు లోపుగా నుండవలెను. నిద్రలేచిన పిమ్మట అరగంట, ముప్పావుగంటలో అది మరికొంత పైకెగసి, పగలెల్ల క్రమముగా దిగును. కావున 15 అను అంకె ఉదయమున ఆరోగ్యలక్షణము. అదే అంకె అర్ధరాత్రి కనబడినచో వైద్యుడు కుషింగ్ వ్యాధిని శంకించును. వేళ తెలుపని అంకె అర్థము లేని అంకె.

ఈ నియమము పగలు మెలకువతో, రాత్రి నిద్రతో గడుపువారి కేర్పడినది. రాత్రియెల్ల సాంచెల హోరులో నిలిచి, తెల్లవారినపిదప పడుకొను నేతకాని మాటయేమి? అతని మెదడులోని గడియారము వెలుతురును చూచి నడచును. పాళి మారినంతమాత్రమున తానును మారదు. కొన్నిదినములు కొంత సర్దుకొనునంతలో పాళి మరల మారును. అట్టివానికి నడిరేయి లాలాజల పరీక్ష చేసి, హెచ్చుగా నున్నదని వ్యాధిని నిర్ణయించుట ప్రమాదము; రాత్రిపని చేయువారికి ఆ పరీక్ష నమ్మదగినది కాదని వైద్యులే హెచ్చరింతురు.

ఆధ్యాత్మిక విషయములందు ఆసక్తిగలవారు కూడ ఇచ్చట జాగరూకులై యుండవలెను. ధ్యానముచే కార్టిసాల్ తగ్గునను మాట విన్నంతనే సంతోషించుట కద్దు. ఉదయము ఎనిమిదింటికి ఒకమారు, ధ్యానానంతరము పదింటికి మరియొకమారు కొలిచినచో, ధ్యానము చేయనివానికిని అది తగ్గియే యుండును! అందుచేతనే 1978లో జెవ్నింగ్, విల్సన్, డేవిడ్సన్ అను పరిశోధకులు, చిరకాలము ధ్యానమభ్యసించినవారిని ఊరక విశ్రమించినవారితో పోల్చి చూచిరి. తగ్గుదల మొదటివారిలోనే స్పష్టముగా కనబడెను. ఆ పోలికయే లేకున్న ఆ ఫలితమునకు విలువ యుండెడిది కాదు. మరియు తక్కువ యన్న ప్రతిచోట శాంతియని యెంచరాదు. దీర్ఘకాలపు వేదనచే నలిగిన కొందరిలో ఉదయపు కొలత మామూలుకంటె తక్కువగా నుండుట కలదు.

ఇటీవల కేశములందలి కార్టిసాల్‌ను కూడ కొలుచుచున్నారు. వెండ్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగును గనుక, మాడునొద్ద కత్తిరించిన మూడు సెంటీమీటర్ల వెండ్రుక మూడునెలల మొత్తమును చెప్పును. ఏ గంటకు పెరిగెనో చెప్పజాలదు. గంట కావలెనన్న లాలాజలమే శరణ్యము. సూరతు నేతకాని లాలాజలము నింపిన గొట్టముపై వ్రాయవలసినది గడియారపు వేళ యొక్కటే కాదు. అతడు ఎప్పుడు నిద్రలేచెనో, ఎన్నిగంటలు నిద్రించెనో, రాత్రిపాళికి మారి ఎన్నాళ్లయ్యెనో, ఉబ్బసమునకుగాని చర్మవ్యాధికిగాని స్టెరాయిడ్ మందు వాడుచున్నాడేమో, అదియంతయు వ్రాయవలెను.