కేసు పడితే డిసేబిలిటీ డబ్బు ఏమవుతుంది?

అమెరికాలో ఉద్యోగం చేసే చాలామంది మనవాళ్ల జీతంలో సోషల్ సెక్యూరిటీ పన్ను కోత ఉంటుంది. జబ్బో ప్రమాదమో వచ్చి పని చేయలేకపోతే నెలనెలా అందే ఎస్‌ఎస్‌డీఐ ఆ పన్నుతో సంపాదించుకున్న హక్కు. ఇంట్లో ఎవరిమీదైనా క్రిమినల్ కేసు పడగానే ఆ డబ్బు మీద ఆశ వదిలేసుకోకండి. మామూలుగా పాత కేసులో శిక్ష పడిందన్న ఒక్క కారణంతో ఆ హక్కు పోదు.

అసలు చిక్కు జైలుతో. నేరం రుజువై, వరసగా 30 రోజులు దాటి జైల్లో ఉంటే ఎస్‌ఎస్‌డీఐ ఆపేస్తారు. పేదలకిచ్చే ఎస్‌ఎస్‌ఐ సంగతి ఇంకా కఠినం. శిక్ష పడకపోయినా సరే, ఒకటో తేదీ నుంచి నెలాఖరు దాకా లోపలే ఉంటే ఆ నెల డబ్బు రాదు. ఆగిపోయి 12 నెలలు గడిస్తే మళ్లీ కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాలి. ఎస్‌ఎస్‌డీఐ అయితే విడుదలయ్యాక తిరిగి మొదలవుతుంది.

చాలామందికి తెలియనిది ఒకటుంది. ఎస్‌ఎస్‌డీఐ అందుకునే భర్త జైల్లో ఉన్నా, ఆయన ఖాతా మీద భార్యకూ పిల్లలకూ వచ్చే డబ్బు, వాళ్లకు అర్హత ఉన్నంతకాలం ఆగదు. భయపడి దాన్ని వదులుకోకండి.

అరెస్టు సంగతి దాచడం మాత్రం పెద్ద తప్పు. ఖైదీల వివరాలు వెంటనే పంపే జైళ్లకు సోషల్ సెక్యూరిటీ వాళ్లు ఒక్కో ఖైదీకి 400 డాలర్ల దాకా చెల్లిస్తారు. అంటే మీరు చెప్పకపోయినా జైలు చెబుతుంది. ఈలోగా ఖాతాలో పడ్డ డబ్బు ఖర్చుపెట్టేస్తే, తర్వాత అది అప్పుగా మీ నెత్తిన పడుతుంది.

దెబ్బ ఎలా తగిలిందన్నదీ చూస్తారు. ఫెలనీ, అంటే సాధారణంగా ఏడాదికి పైగా శిక్ష పడే నేరం, చేస్తుండగా తగిలిన గాయాన్ని, ఆ నేరం రుజువైతే, ఎస్‌ఎస్‌డీఐకి లెక్కలోకి తీసుకోరు. 1980 అక్టోబరు 19 తర్వాతి నేరాలన్నిటికీ ఇదే నియమం. పని చేయగలరా లేదా అని తేల్చేటప్పుడు సంపాదననూ చూస్తారు, అక్రమంగా సంపాదించినా అది సంపాదనే. దొంగతనంతో డబ్బు సంపాదించిన మనిషిని పని చేయగలవాడిగానే లెక్కగట్టవచ్చని 1993లో ఒక ఫెడరల్ కోర్టు తీర్పిచ్చింది.

గ్రీన్‌కార్డు మీద ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. నేరం కారణంగా దేశం నుంచి పంపేస్తే ఎస్‌ఎస్‌డీఐ ఆగిపోతుంది. శాశ్వత నివాసిగా మళ్లీ చట్టబద్ధంగా అడుగుపెట్టేదాకా రాదు. కాబట్టి తొందరగా తేలిపోతుందని ఎవరైనా నేరం ఒప్పుకోమంటే, సంతకం పెట్టేముందు ఇమ్మిగ్రేషన్ లాయరుని తప్పక అడగండి.

విడుదల తేదీ తెలిశాక ఊరికే ఎదురుచూడవద్దు. సోషల్ సెక్యూరిటీతో ఒప్పందం ఉన్న జైలైతే, బయటికి రావడానికి నెలల ముందే లోపలినుంచి దరఖాస్తు పెట్టవచ్చు. లేకపోతే విడుదల కాగితాలు పట్టుకుని సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకు వెళ్లండి. ఇంగ్లిషు రాని అమ్మానాన్నల కోసం తెలుగు దుబాసీని అడగండి, ఆ సాయం ఉచితం.