జీవకణమున స్వభక్షణము: రెండు సంచులు ఒకటగు విధము

విద్యార్థులారా! శిశువు తల్లిగర్భమున నున్నంతకాలము ఆహారము మావి ద్వారా ఎడతెగక అందుచుండును. పుట్టినంతనే ఆ దారి తెగిపోవును. పాలు చాలినంతగా అందువఱకు నడుమ కొంతసేపు కఱవు తప్పదు. ఆ కఱవును పసిప్రాణము ఎట్లు దాటుచున్నది? 2004లో జపాను శాస్త్రజ్ఞులు చిట్టెలుకపిల్లలయందు దీనిని పరీక్షించిరి. పుట్టిన కొలది గంటలలోనే వాని గుండె మున్నగు అవయవముల కణములు తమలోని పదార్థమునే కొంత జీర్ణించుకొని, ఆ సారముతో నిలుచుచున్నవని తేలెను. ఈ శక్తికి కావలసిన ఒక జన్యువును తొలగింపగా, పిల్లలు ఇంచుమించు మామూలుగనే పుట్టెను. కాని ఒక్క దినములోపల మరణించెను.

ఈ క్రియకు ఆటోఫజీ యని పేరు. 1963లో బెల్జియము శాస్త్రజ్ఞుడు క్రిస్టియన్ డి డ్యూవ్ గ్రీకు మాటలనుండి దీనిని కూర్చెను. తన్ను తాను తినుట యని యర్థము. మేము స్వభక్షణమని వ్రాయుచున్నాము. మనము కణమనుదానిని కన్నడ పాఠ్యపుస్తకములలో 'జీవకోశ' మందురు. కోశమనగా సంచియే కదా! నేటి పాఠమునకు ఆ మాటయే ఎక్కువ ఉపకరించును. ఏలన, కణమను సంచిలో చిన్న సంచులనేకము కలవు, కథయంతయు వానిదే.

వానిలో లైసోసోమ్ ఒకటి. దానిలో ఆమ్లమును, మాంసకృత్తులు, క్రొవ్వులు మున్నగువానిని ముక్కలు చేయు ఎంజైములును ఉండును. కణమునకు ఆహారము కొఱవడినపుడు, లేదా లోపల ఏదైన భాగము పాడైనపుడు, ఒక పలుచని పొర గిన్నెవలె వంగి, ఆ సరకును చుట్టుకొని, అంచులు మూసికొనును. ఇట్లేర్పడిన సంచియే ఆటోఫగోసోమ్. దీని అడ్డుకొలత సుమారు ఒక మైక్రాను, అనగా మిల్లీమీటరులో వేయవ వంతు. గిన్నె మూసికొనగా ఏర్పడినది గావున దీనికి రెండు పొరలుండును. ఈ మాట జ్ఞప్తియందుంచుకొనుడు.

జపానునకు చెందిన యోషినోరి ఓసుమి, జీర్ణక ఎంజైములు లేని ఈస్టు కణములను పస్తుంచి, వాని కుహరమున జీర్ణముగాని మూటలు కుప్పపడుట చూచి 1992లో ప్రకటించెను. పిదప దీనికి కావలసిన జన్యువులను వెదకి పట్టెను. 2016లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. అది మొదలు, ఉపవాసముచే సర్వరోగములు పోవునని చెప్పువారు పెక్కురైరి. తల్లిదండ్రులకు మా మనవి: ఈస్టులోను ఎలుకలలోను కనబడినది అంత మాటకు ఆధారము కాజాలదు. ఎదుగు పిల్లలను పస్తుంచరాదు.

సంచి సిద్ధమైనంత మాత్రమున పని తీరలేదు. మూటలోని బియ్యము ఎసటిలో పడవలెను గదా! సంచి లైసోసోముతో కలియవలెను. నీటిపై రెండు నూనె చుక్కలు తగిలినంతనే ఒకటగునట్లు ఇవియు కలియునని తోచును. అట్లు కాదు. పొరల ముఖములు నీటిని గట్టిగా పట్టుకొని యుండును. దగ్గఱకు చేరినకొలది ఆ నీరు వానిని ఎడముగా త్రోయును. ఈ అడ్డు లేనిచో కణములోని సంచులన్నియు కలగలిసిపోయెడివి. కావున అడ్డు మంచిదే. అవసరమైనచోట దానిని దాటించు పని స్నేర్ అను మాంసకృత్తులది. ఆంగ్లమున స్నేర్ అనగా ఉచ్చు. పేరు వేఱు మాటల పొడి అక్షరములతో పుట్టినను పనికి తగినట్లే కుదిరినది.

ఇవి పొరలనుండి పొడుచుకొనివచ్చు పోగులవంటివి. నాలుగు పోగులు కలిసిననే పురి పడును. ఆటోఫగోసోము వెలుపలి పొరయందలి సింటాక్సిన్-17 ఒక పోగు నిచ్చును, స్నాప్-29 రెండిచ్చును, లైసోసోము పొరయందలి వ్యాంప్-8 నాలుగవదానిని ఇచ్చును. ఇవి కొనలనుండి మొదలిడి పొరలవైపునకు త్రాడువలె పెనగొనును. పురి బిగిసినకొలది పొరలు దగ్గఱకు లాగబడి, నడుమ నీరు తొలగి, వెలుపలి పొర లైసోసోము పొరతో ఏకమగును. లోపలి పొరయు సరకును ఎంజైముల పాలగును. పిదప ఎన్.ఎస్.ఎఫ్. అను మఱియొక మాంసకృత్తు, ఏ.టి.పి. శక్తిని వెచ్చించి ఆ పురిని విప్పును. పేనుట తనంత జరుగును, విప్పుటకే ఖర్చు! మన త్రాళ్ల సంగతి దీనికి తలక్రిందులు.

ఇక అసలు చిక్కు. గిన్నె మూసికొనకముందే లైసోసోము వచ్చి కలిసినచో, లోపలి పొర చెడి, ఎంజైములు కణముపైననే పడు ప్రమాదము కలదు. మఱి సింటాక్సిన్-17 ఎప్పుడు రావలెను? 2012లో నొబోరు మిజుషిమా బృందము దీనిని గమనించెను. నోరు తెఱచియున్న గిన్నెపై అది చేరదు. మూసికొనిన పిదపనే వచ్చును. సమయము దానికెట్లు తెలియును? 2024లో ఆ బృందమే వివరణ నిచ్చెను. సంచి పరిపక్వమగుకొలది దాని పొరపై ఋణవిద్యుదావేశము హెచ్చును. సింటాక్సిన్-17 తోకకు ధనావేశము కలదు. అందుచే అది ఆకర్షింపబడును. కాపలాదారుడు లేడు, గడియారము లేదు. మీరు భౌతికశాస్త్రమున చదివిన ఆకర్షణమే చాలినది.

ఈ ఒక్క పోగు లోపించిన ఏమగును? బుడాపెస్టు శాస్త్రజ్ఞులు 2013లో పండ్లఈగలయందు చూచిరి. క్రొవ్వు కణములలోను నాడీకణములలోను జీర్ణముగాని సంచులు పేరుకొనెను. పెద్దవైన ఈగలు సరిగా కదలలేక త్వరలోనే చచ్చెను. నాడీకణములు సామాన్యముగా మరల విభజింపబడవు గనుక వానిలో చెత్త నిలిచిన పంచుకొను క్రొత్త కణములుండవు. అయితే 2018లో మఱియొక సంగతి బయటపడెను. మానవకణములలో సింటాక్సిన్-17 లేకున్నను కొంత కలయిక సాగుచున్నది, వై.కె.టి.-6 అను వేఱొక స్నేర్ ఆ పనికి పూనుకొనుచున్నది.

మూసికొనిన సంచిని, లైసోసోమును, నాలుగు పోగులను మీ నోటుపుస్తకమున గీయుడు. కలయిక ముగిసిన పిదప లోపలి పొర ఎక్కడ నుండునో బొమ్మలో చూపి తెండు.