లీజు కారు తిరిగి ఇచ్చేయాలా?

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నాం. 2019లో తీసుకున్న కారు లీజు ఈ 2022 మార్చితో అయిపోతోంది. పాత కార్ల ధరలు మండిపోతున్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: తొందరపడి తాళాలు ఇచ్చేయకండి. చిప్‌ల కొరతతో కొత్త కార్లు తగ్గడం వల్ల అమెరికాలో జనవరి నాటికి పాత కార్ల ధరలు ఏడాదిలోనే సుమారు 40 శాతం పెరిగాయి. మీ ఒప్పందంలో ‘రెసిడ్యువల్ వాల్యూ’ చూడండి. అది ధరలు పెరగకముందు రాసిన అంకె. సాధారణంగా ఆ ధరకే కారు మీరు కొనుక్కోవచ్చు. అక్కడ 14,000 డాలర్లుండి, డీలరు 19,000 ఇస్తానంటే తేడా మీదే. అందులోంచి టెక్సస్ సేల్స్ ట్యాక్స్ 6.25 శాతం, అంటే 875 డాలర్లు, టైటిల్ (యాజమాన్య పత్రం) ఫీజు పోతాయి. కొన్ని ఫైనాన్స్ కంపెనీలు బయటి డీలరుకు నేరుగా అమ్మనివ్వవు. అలాంటప్పుడు ముందు టైటిల్ మీ పేరిట మారాలి.

ఇంట్లో రెండో కారు లేకపోతే మాత్రం అమ్మకండి. మరో కారు కొనాల్సి వచ్చి, వచ్చిన లాభం మళ్లీ ఆ మండే ధరకే పోతుంది. కొనుక్కుని మీరే నడుపుకోండి.