గడ్డకి కూడా గాలి కావాలి

పిల్లలూ! జెబెల్ అలీలో మీ ఇంటి బాల్కనీలో ఏమేం మొక్కలున్నాయి? తులసి, కరివేపాకు, మల్లె... అంతేనా? కొందరి ఇళ్ళలో పెద్ద పెద్ద ఎర్రని పూలు పూసే అమరిల్లిస్ కుండీ కూడా ఉంటుంది. దీన్ని ఎక్కువగా గడ్డ నాటి పెంచుతారు. ఆ గడ్డ చూడ్డానికి అచ్చం ఉల్లిపాయలా ఉంటుంది. తెలంగాణలో ఉల్లిపాయనే ‘ఉల్లిగడ్డ’ అంటారు. మీ ఇంట్లో ఏమంటారు?

ఎండాకాలంలో ఇక్కడ వేడి 40 డిగ్రీలు దాటుతుంది. “అయ్యో, మొక్కకి దాహం వేస్తోందేమో!” అని మనం రోజూ నీళ్ళు పోసేస్తాం. కానీ గడ్డ అంటే మొక్క తన తిండినీ నీళ్ళనీ దాచుకున్న మూట. కొన్నాళ్ళు నీళ్ళు లేకపోయినా అది బతుకుతుంది. ఎప్పుడూ తడిలోనే ఉంటే మాత్రం కుళ్ళిపోతుంది.

ఎందుకు కుళ్ళుతుంది?

మట్టిలో చిన్న చిన్న ఖాళీలుంటాయి. వాటిలో గాలి ఉంటుంది. వేళ్ళకి ఆ గాలి కావాలి. నీళ్ళు ఎక్కువైతే ఖాళీలన్నీ నిండిపోతాయి. గాలి అందక వేళ్ళు చచ్చిపోతాయి. అప్పుడు బూజు, బాక్టీరియా గడ్డలోకి చేరతాయి. గడ్డ మెత్తబడి చెడు వాసన వస్తుంది.

కుళ్ళకుండా ఏం చేయాలి?

1. కుండీ అడుగున చిల్లు ఉందో లేదో చూడండి.
2. మట్టిలో పెర్లైట్ కలపండి. బీచ్ ఇసుక వద్దు, అందులో ఉప్పు ఉంటుంది.
3. గడ్డలో మూడో వంతు మట్టి పైకి కనిపించేలా నాటండి. నీళ్ళు గడ్డ నెత్తిన కాదు, చుట్టూ పోయండి.
4. ఐస్‌క్రీమ్ పుల్ల మట్టిలో గుచ్చి తీయండి. తడి మట్టి అంటుకుంటే ఆ రోజు నీళ్ళు వద్దు. పైన ఎండినట్టున్నా లోపల తడి ఉండొచ్చు.
5. కుండీ కింది పళ్ళెంలో నిలిచిన నీళ్ళు పారబోయండి.

సెలవులకి ఊరెళ్తున్నారా? కుండీని ఎండలోంచి తీసి, ఇంట్లో వెలుతురు వచ్చే చోట పెట్టండి. పక్కింటివాళ్ళతో “ఆంటీ, రోజూ పోయొద్దండీ. పుల్ల పొడిగా వస్తేనే కొంచెం పోయండి” అని చెప్పండి.

ఒకవేళ కుళ్ళు కనిపిస్తే?

గడ్డని బయటికి తీయండి. మెత్తబడిన భాగాన్ని అమ్మనో నాన్ననో కోసేయమనండి. గట్టిగా, తెల్లగా ఉన్న భాగాన్ని రెండు మూడు రోజులు నీడలో ఆరబెట్టి, కొత్త మట్టిలో నాటండి. వేళ్ళు పుట్టే అడుగు భాగమే కుళ్ళిపోతే ఇక లాభం లేదు. ‘చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు’ అంటారే, అలా అవుతుంది. అందుకే ముందే జాగ్రత్త పడాలి.

గుర్తుంచుకోండి: అమరిల్లిస్ గడ్డ విషం! తినకూడదు. వంటింట్లో ఉల్లిపాయల దగ్గర పెట్టకండి. ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

కొత్త మాటలు

కుళ్ళు – పాడై మెత్తబడడం
చిల్లు – రంధ్రం
నెత్తి – తల పైభాగం
పారబోయడం – వద్దనుకున్న నీళ్ళని ఒంపేయడం

చెప్పండి

1. వేళ్ళకి గాలి ఎందుకు అందదు?
2. పుల్లతో ఏం తెలుసుకుంటాం?
3. ‘చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం’ అంటే ఏమిటి? మీ బడిలో జరిగే విషయం ఒకటి చెప్పి వివరించండి.

చేయండి

మీ అమ్మమ్మకో తాతయ్యకో ఫోన్ చేసి, “మన ఊళ్ళో గడ్డ నాటి పెంచే పూలమొక్కలు ఏమున్నాయి?” అని అడగండి. వాళ్ళు చెప్పిన పేర్లు తెలుగులో రాయండి.