ముందు కట్టు, తర్వాతే పరుగు

పల్నాడులో ఎవరికన్నా దెబ్బ తగిలితే పదిమంది పరిగెత్తుకొస్తారు. అది ఈ గడ్డ గుణం. రోడ్డు మీద ఆటో తిరగబడిందంటే పక్క చేలో మిరపకాయలు కోస్తున్నవాళ్లు కూడా ఎక్కడివక్కడ వదిలేసి వస్తారు. వచ్చి ఏం చేస్తారు? ఒకరు చంకల కింద చేతులేస్తారు. ఇంకొకరు కాళ్లు పట్టుకుంటారు. ‘ఎత్తండి, ఎత్తండి’ అని వెనకనుంచి నలుగురు అరుస్తారు. విరిగిన కాలు మధ్యలో వేలాడుతుంటుంది. దెబ్బతిన్న మనిషి కేక వేస్తే ఆ కేక విని ఇంకా తొందరపడతారు.

సాయం చేసే మనసుకు లోటు లేదు. లోటంతా మొదటి మూడు నిమిషాల్లోనే. ధైర్యమంటే దూకడమేనని మనకు చిన్నప్పటినుంచీ నూరిపోశారు. కారంపూడిలో వీరుల గుడి కట్టుకున్న సీమ కదా, ఆగడం అంటే పిరికితనంలా తోస్తుంది. విరిగిన ఎముక దగ్గర మాత్రం ఆగగలిగినవాడే మొనగాడు.

ఎందుకంటే, విరిగిన ఎముక కొన గాజుపెంకులాంటిది. కదిలినప్పుడల్లా పక్కనున్న కండనీ, నరాన్నీ, రక్తనాళాన్నీ కోస్తుంది. లోపలే ఉండాల్సిన విరుపు చర్మాన్ని చీల్చుకుని బయటికి రావచ్చు. తొడ ఎముక విరిగితే బయట చుక్క కనపడకుండానే లోపల లీటరు, లీటరున్నర రక్తం పోవచ్చు. మొదటి ప్రపంచ యుద్ధంలో తూటా తగిలి తొడ ఎముక విరిగిన సైనికుల్లో నూటికి 80 మంది దాకా చనిపోయేవారనీ, కాలిని కదలనీయని థామస్ స్ప్లింట్ అనే ఇనుప చట్రం వాడకంలోకి వచ్చాక అది 16కు దిగిందనీ వైద్యచరిత్రలో ఒక లెక్క ఉంది. శస్త్రచికిత్స మెరుగుపడటమూ అందుకు తోడైంది. అయినా పేరు మాత్రం ఆ చట్రానికే వచ్చింది.

ఇప్పుడు అంత బరువైన చట్రం అక్కర్లేదు. అమెరికా సర్జన్ సామ్ షైన్‌బర్గ్ వియత్నాం యుద్ధంలో పనిచేసినవాడు. చూయింగ్ గమ్ చుట్టిన రేకు కాగితాన్ని వేలికి చుట్టుకుంటూ ఉండగా ఆయనకు ఓ ఆలోచన వచ్చింది. పల్చటి అల్యూమినియం రేకుకు రెండువైపులా మెత్తటి ఫోమ్ అతికించి స్ప్లింట్ చేశాడు. అదే సామ్ స్ప్లింట్. చాపలా చుట్టి సంచిలో వేసుకోవచ్చు, కత్తెరతో కత్తిరించొచ్చు. బల్లపరుపుగా పట్టుకుంటే తోటకూర కాడలా వాలిపోతుంది. నిలువునా మధ్యలో కాస్త గాడిలా వంచారా, కర్రలా నిలబడుతుంది.

నమ్మకం లేకపోతే తాపీమేస్త్రీ చేతిలో టేపు చూడండి. ఉక్కు రేకే అయినా మధ్యలో చిన్న వంపు ఉండబట్టి గాల్లో బారెడు దూరం నిటారుగా నిలబడుతుంది. ఆ వంపు చెదిరిందా, మరుక్షణం కూలుతుంది. కంగారులో మనిషి సంగతీ ఇంతే, కాస్త వంగినవాడే నిలబడతాడు. ‘నేను చెప్పినట్టే జరగాలి’ అని బిగుసుకున్నవాడు గుంపులో గొడవ పెంచుతాడు. ‘అన్నా, నువ్వు 108కి ఫోన్ చెయ్యి. అక్కా, నువ్వు తల దగ్గర కూచుని మాట్లాడు’ అని గొంతు తగ్గించి తలా ఒక పని అప్పగించినవాడి మాటే అక్కడ నిలబడుతుంది.

ఇక కట్టడం ఎలాగంటారా? కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభ నిలబెట్టడం చూసినవాళ్లకు సగం తెలిసినట్టే. అంతెత్తు వెదురు ప్రభ ఒక్కచోట కడితే నిలవదు. పైనా కిందా మోకులు పడాలి. ఎముక కూడా అంతే. విరిగింది ముంజేయి అయితే కింద మణికట్టూ, పైన మోచెయ్యీ రెండూ కదలకుండా కట్టాలి. పిక్క ఎముక అయితే చీలమండా, మోకాలూ. సరిగ్గా విరిగినచోట మాత్రం ముడి పడకూడదు.

స్ప్లింట్‌ను గాయపడిన చేతిమీద పెట్టి వంచకండి. బాగున్న చేతిమీదో, మీ చేతిమీదో వంచి ఆకారం తెచ్చి, అప్పుడు తెచ్చి పెట్టండి. చర్మం కింద ఎముక ఉబ్బెత్తుగా తగిలేచోట మెత్తగా గుడ్డ వేయండి. చెయ్యి వంకరగా ఉంటే వంకరగానే కట్టండి. దాన్ని లాగి సరిచేయడం డాక్టరు పని. ఎముక బయటికొస్తే లోపలికి నెట్టొద్దు. రక్తం కారుతుంటే ముందు శుభ్రమైన గుడ్డతో అదిమి అది ఆపండి. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు, మెట్టెలు తీసేయండి, తర్వాత కోయాల్సి వస్తుంది. మంచినీళ్లు తాగించాలని మనసు పీకుతుంది కానీ ఆపరేషన్ పడే అవకాశం ఉంటుంది, తాగించకండి.

అసలు పరీక్ష కట్టాక ఉంది. గోరు నొక్కి వదలండి. తెల్లబడిన గోరు రెండు సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి. వేళ్లు వెచ్చగా ఉండాలి, తాకితే తెలియాలి. చల్లబడినా, తిమ్మిరెక్కినా కట్టు బిగిసిందని అర్థం. వదులు చేయండి. దారిలో మళ్లీ మళ్లీ చూస్తూ ఉండండి. కట్టిన తర్వాత చూడకుండా వదిలేసిన కట్టు వల్ల చెయ్యి పోగొట్టుకోవడం కంటే అన్యాయం ఉండదు.

మెడకో, వెన్నుకో దెబ్బ తగిలిందని అనుమానమొస్తే ఈ కట్లేవీ వద్దు. మంటలో, మరో వాహనమో మీదికొచ్చే ప్రమాదం లేకపోతే మనిషిని ఉన్నచోటే ఉంచి, తల కదలకుండా రెండు చేతులతో పట్టుకుని కూచోండి. అంబులెన్స్ దగ్గర్లోనే ఉందంటే విరిగిన కాలినీ అలాగే చేతులతో ఆనించి ఉంచితే చాలు. కానీ మనకు ప్రతిసారీ అంత అదృష్టం ఉండదు. మాచర్ల నుంచి గుంటూరు పెద్దాసుపత్రికి వంద కిలోమీటర్లు దాటిన దూరం. ఆ దారిలో ప్రతి గుంతా విరిగిన ఎముకకు మరో దెబ్బే.

స్ప్లింట్ కొనలేదని చింత వద్దు. అట్టపెట్టె చించి గాడిలా మడిస్తే అదీ స్ప్లింటే. నాలుగు దినపత్రికలు కలిపి చుట్టినా, దిండు చుట్టి కట్టినా పనిచేస్తుంది. కట్టడానికి తువ్వాలు, చీరకొంగు, కండువా ఏదైనా సరే. పుత్తూరు కట్టు పేరుతో వెదురు బద్దలు వేసే సంప్రదాయం మన రాష్ట్రానిదే. ఎక్స్‌రే తీయకుండా అక్కడితో సరిపెట్టుకోవద్దని మాత్రం నా మాట.

‘కేసుల్లో ఇరుక్కుంటామేమో’ అనే భయం ఇంకా ఉంది. అవసరం లేదు. 2016లో సుప్రీంకోర్టు సాయం చేసినవాళ్లకు రక్షణనిచ్చే మార్గదర్శకాలకు ఆమోదముద్ర వేసింది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో 134ఏ సెక్షన్ ఆ రక్షణను చట్టం చేసింది. పేరు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం.

2023 మేలో దాచేపల్లి మండలం పొందుగల దగ్గర కూలీల ఆటోను లారీ ఢీకొంది. 2025 ఫిబ్రవరిలో ముప్పాళ్ల మండలం బొల్లవరం దగ్గర మిరపకోత కూలీల ట్రాక్టరు బోల్తా పడింది. రెండుచోట్లా ఆడకూతుళ్ల ప్రాణాలు పోయాయి. ఏ కట్టూ వాళ్లను తిరిగి తేలేదు. అలాంటి చోట్ల బతికి బయటపడి, విరిగిన కాళ్లూ చేతులతో రోడ్డు పక్కన పడి ఉండేవాళ్ల సంగతి మన చేతుల్లో ఉంది.

కాబట్టి ఆటో అన్నలూ, ట్రాక్టరు యజమానులూ, ముఠా మేస్త్రీలూ! సీటు కింద రెండు అట్టముక్కలు, నాలుగు పొడవాటి గుడ్డపీలికలు, వీలైతే ఒక స్ప్లింట్ పెట్టుకోండి. ఈ ఆదివారం ఇంట్లో మీ పిల్లవాడి చేతికి ఆడుతూ పాడుతూ కట్టి, గోరు నొక్కి చూడండి. మిరపకోతలు మొదలయ్యేలోపు మీ బండిలో ఎక్కే ఇద్దరికైనా నేర్పండి.